గురువు నమ్మకమే తొలి పాఠము

హైదరాబాదు నగరమున జూబిలీ హిల్సు, ఫిల్మ్ నగర్ ప్రాంతములకు తెలుగు చలనచిత్ర రాజధాని యను పేరు స్థిరపడి చాలకాలమైనది. ఒకప్పుడు మద్రాసు నగరమును ఆశ్రయించుకొనియుండిన ఆ పరిశ్రమ క్రమక్రమముగా తరలివచ్చి, ఈ రాతిగుట్టల నడుమ వేళ్లూనుకొన్నది. 1976లో ప్రారంభమైన అన్నపూర్ణ స్టూడియో, ఆపైన వెలసిన పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు ఆ వలసకు సాక్ష్యములు. ఆ స్టూడియోలలో నిత్యము జరుగు ఒక చిన్న పని విద్యాలోకమునకు పెద్ద పాఠము చెప్పగలదు. అది క్లాప్ బోర్డు మీద అంకె మార్చుట.

నటుడు ఒక మాట తడబడును. దీపపు వెలుగు చాలదు. వెనుకనున్నవాడు అడుగు తప్పును. దర్శకుడు ఆపుమనును. సహాయకుడు క్లాప్ బోర్డు మీది టేకు సంఖ్యను ఒకటి పెంచి వ్రాయును. మరల అందరును తమ తమ స్థానములకు పోవుదురు. ఆ నటుడు ఎంతటి వాడైనను, ఎంత కొత్తవాడైనను, తప్పిన టేకు అతని బ్రదుకుమీద ముద్రగా మిగిలిపోదు. తుదకు ప్రేక్షకుడు చూచునది సరిగా కుదిరిన దృశ్యమునే గాని అంతకు ముందు తప్పిపోయిన వానిని కాదు.

అదే ఫిల్మ్ నగరులో, అదే ఉదయమున, పాఠశాల గంట కూడ మ్రోగును. ఎత్తుగోడల మేడలలోని పిల్లలును, ఆ మేడల క్రింది వాలులలోనున్న బస్తీల పిల్లలును వేరువేరు బడులకు పోవుదురు. ఆ బడుల రుసుములు వేరు, దుస్తులు వేరు, భాష వేరు. కాని ఒక విషయమున మాత్రము ఉభయులకును సామ్యము కలదు. అక్కడ పిల్లవాడు నల్లబల్ల ముందు నిలిచి తప్పు చెప్పినచో, సాధారణముగా వానికి రెండవ టేకు ఉండదు. తప్పు చెప్పిన క్షణమే వాని పేరుప్రక్కన ఒక విశేషణము చేరును. మొద్దు, మందమతి, వెనుకబెంచీ అను ఆ మాటలు ఏటికేడాది వానితోపాటు తరగతులు దాటి నడచును. లక్షల వ్యయముతో నడచు వినోద పరిశ్రమ తప్పు చేయు స్వేచ్ఛను పనివారికి ఇయ్యగలిగినప్పుడు, నేర్చుటకొరకే పుట్టిన పాఠశాల ఆ స్వేచ్ఛను పసివారికి ఇయ్యలేకపోవుట ఆలోచింపవలసిన విషయము.

విద్యను గూర్చి ప్రతి ఉపాధ్యాయునకును కొన్ని స్వంత విశ్వాసములు ఉండును. అవి శిక్షణ కళాశాలలో వ్రాసిన పరీక్షాపత్రములలో కనబడవు. 1962 నుండి ఏటేట సెప్టెంబరు 5వ తేదీన జరుపుకొను ఉపాధ్యాయ దినోత్సవ ప్రసంగములలో సైతము కనబడవు. పిల్లవాడు తప్పు సమాధానము చెప్పినప్పుడు, లేక ఎవరును అడుగని ప్రశ్న అడిగినప్పుడు, ఆ ఉపాధ్యాయుని ముఖమున మెదలు భావమే ఆయన అసలైన విద్యాసిద్ధాంతము. వీడు నేర్చుకొనగలడు అని ఆయన నమ్మినచో ఆ నమ్మకమును పిల్లవాడు చదువును. వీనికి రాదు అని నమ్మినచో దానినిగూడ చదువును. అక్షరములు రాని బిడ్డకు సైతము గురువు ముఖము చదువుట వచ్చును. కనుక గురువు నమ్మకమే శిష్యునకు తొలి పాఠము. తక్కిన పాఠములన్నియు దాని తరువాతివే.

ఈ విషయమున తెలుగు చలనచిత్రమే రెండు కాలములలో రెండు విధముల సాక్ష్యము చెప్పినది. 1972లో పి. చంద్రశేఖరరెడ్డి దర్శకత్వమున నందమూరి తారక రామారావు, అంజలీదేవి నటించిన 'బడిపంతులు' వెలువడినది. కన్నడమున 1958లో బి. ఆర్. పంతులు నిర్మించిన 'స్కూల్ మాస్టర్' చిత్రకథయే దానికి మూలము. జీవితమంతయు పరుల బిడ్డలకు చదువు చెప్పిన పంతులు, వార్ధక్యమున కన్నబిడ్డల యిండ్ల మధ్య భార్యను ఎడబాసి క్రుంగిపోవుటను చూచి ఆనాటి ప్రేక్షకులు కంటతడి పెట్టిరి. సంఘము గురువునకు ఏమి ఋణపడియున్నది అను ప్రశ్నను ఆ చిత్రము వేసినది. ఆ ప్రశ్న న్యాయమైనది. నేటికిని దానికి పూర్తి సమాధానము లభింపలేదు.

అర్ధ శతాబ్ది గడచిన పిమ్మట, 2024 సెప్టెంబరులో, నందకిశోర్ ఈమాని దర్శకత్వమున '35 చిన్న కథ కాదు' అను చిత్రము విడుదలయ్యెను. అది ప్రశ్నను రెండవవైపునకు త్రిప్పినది. గురువు పిల్లవానికి ఏమి ఋణపడియున్నాడు అని అడిగినది. తిరుపతిలో ఒక సామాన్య కుటుంబము. పెద్దకొడుకు అరుణ్ అన్ని పాఠములలోను చురుకైనవాడే గాని లెక్కలలో మాత్రము వెనుకబడును. వెనుకబడుటకు కారణము సోమరితనము కాదు, సందేహము. సున్నకు విలువ లేదందురు గదా, ఒకటి ప్రక్కన అది నిలువగానే తొమ్మిదిని మించిన పది ఎట్లు అయినది అని వాని సందేహము. సమాధానము దొరకక వాడు ముందుకు కదలలేడు. లెక్కల ఉపాధ్యాయుడు పిల్లలను మార్కులతో కొలిచి, వానికి సున్న అనియే పేరు పెట్టును. తుదకు ఆ బడిలో నిలువవలెనన్న లెక్కలలో 35 మార్కులు తెచ్చుకొనవలసిన స్థితి వానికి ఏర్పడును. అప్పుడు పదవ తరగతి తప్పిన వాని తల్లి సరస్వతి, తానే మరల లెక్కలు నేర్చుకొని కొడుకునకు గురువగును. ఆ తల్లి పాత్ర ధరించిన నివేదా థామస్‌కు తెలంగాణ ప్రభుత్వము 2024వ సంవత్సరపు గద్దర్ చలనచిత్ర పురస్కారములలో ఉత్తమనటి పురస్కారము నిచ్చినది.

ఈ కథలో ఉపాధ్యాయుడు అజ్ఞాని కాడు. లెక్కలు బాగుగ తెలిసినవాడే. తెలియనిది ఒక్కటే: ప్రశ్న అడిగినవాడు ధిక్కరించువాడు కాడని. తల్లికి లెక్కలు రావు. కాని కొడుకు అడిగినది అర్థములేని ప్రశ్న కాదను నమ్మకము ఆమెకు కలదు. ఆ నమ్మకమే ఆమె చేత పుస్తకము పట్టించినది. విషయజ్ఞానము గురువునకు అవశ్యము కావలసినదే. కాని శిష్యునియందు విశ్వాసము లేనిచో ఆ జ్ఞానము తాళము వేసిన ధాన్యపు కొట్టు వంటిది. ఆకలిగొన్నవాడు గడప ముందే నిలిచిపోవును.

పిల్లవాడు అడిగిన ఆ ప్రశ్న నిజముగా ఎంత పెద్దదో ఉపాధ్యాయులు జ్ఞాపకము చేసికొనవలెను. శూన్యమును ఒక సంఖ్యగా గ్రహించి, దానితో కూడికకును తీసివేతకును గుణకారమునకును నియమములు చెప్పినవాడు బ్రహ్మగుప్తుడు. ఆయన 628లో రచించిన 'బ్రాహ్మస్ఫుటసిద్ధాంతము'న ఆ నియమములు కలవు. అంతటి మహానుభావుడు సైతము శూన్యమును శూన్యముచే భాగించిన శూన్యమే వచ్చునని చెప్పెను. తరువాతి గణితజ్ఞులు దానిని అంగీకరింపలేదు. ఈ భారతీయ అంకెలు అరబ్బుల ద్వారమున ఐరోపాకు చేరిన పిదప, 1202లో ఇటలీ దేశస్థుడు ఫిబొనాచీ వానిని గూర్చి గ్రంథము వ్రాసెను. అయినను 1299లో ఫ్లోరెన్సు నగరపు వడ్డీవ్యాపారుల సంఘము తన సభ్యుల లెక్కల పుస్తకములలో ఆ అంకెలను వాడరాదని కట్టడి చేసినది. సున్నను చూచి నగరములే సందేహించినవి. అట్టిచో పదియేండ్ల బిడ్డ సందేహించుట అపరాధమెట్లగును? వాడు మానవజాతి నడచిన దారినే నడచుచున్నాడు. గురువు చేయవలసినది ఆ దారిని కుదించుట గాని, దారిలో నిలిచినవానిని తరుముట కాదు.

కుదించుట కష్టమును కాదు. బల్లమీద తొమ్మిది చీపురు పుల్లలు పెట్టి, పదవ పుల్లను చేర్చి, పదింటిని ఒక కట్టగా కట్టినచో చాలును. ఇప్పుడు విడిపుల్లలు ఏమియు లేవు. కట్ట ఒకటి కలదు. ఒకటి అను అంకె ఆ కట్టను తెలుపును. సున్న, విడిపుల్లలు లేవను సంగతిని తెలుపుచు, ఆ చోటిని కాపాడును. అనగా సున్న ఒకటిని పెంచలేదు. ఒకటి కూర్చున్న స్థానమును నిలిపినది. ఇరువది నిమిషములలో, కాణీ ఖర్చు లేక, ఈ పాఠము ముగియును. ఆ ఇరువది నిమిషములు ఇయ్యకపోవుటచేత ఎందరు పిల్లలు గణితమను పేరు వినగానే బెదరి జీవితాంతము దూరముగా తొలగిపోయిరో ఊహింపవచ్చును.

గురువు నమ్మకమునకు ఇంతటి శక్తి యున్నదా అని సందేహించువారు ఉందురు. అమెరికా దేశమున రాబర్ట్ రోజెంతాల్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడును, లెనోర్ జాకబ్సన్ అను పాఠశాలాధ్యక్షురాలును కలిసి ఈ విషయమును పరీక్షించి, తమ ఫలితములను 1968లో గ్రంథరూపమున ప్రకటించిరి. ఒక ప్రాథమిక పాఠశాలలో ఇంచుమించు అయిదింట ఒకవంతు పిల్లలను కేవలము చీట్లు తీసినట్లు ఎన్నుకొని, వీరు ఈ సంవత్సరము విశేషముగ వికసింపగలరని ఉపాధ్యాయులకు చెప్పిరి. ఆ పిల్లలకును తక్కినవారికిని నిజమునకు ఏ భేదమును లేదు. భేదము ఉపాధ్యాయుల మనస్సులో మాత్రమే పుట్టినది. సంవత్సరాంతమున చూడగా, ముఖ్యముగా ఒకటి, రెండు తరగతులలో, ఎన్నికైన పిల్లల బుద్ధి పరీక్షాఫలితములు తక్కినవారికంటె హెచ్చుగా పెరిగెను. ఆ పరిశోధన పద్ధతిని గూర్చి, ఫలితముల పరిమాణమును గూర్చి, తరువాత పండితులు గట్టిగా వాదించుకొనిరి. గురువు ఆశించినంత మాత్రముననే పిల్లలందరును మేధావులగుదురని ఎవరును చెప్పజాలరు. కాని గురువు ఎవరిని ఎక్కువ పలుకరించును, ఎవరి సమాధానమునకు మరికొంతసేపు వేచియుండును, ఎవరి తప్పును ఓపికతో దిద్దును అనునవి ఆయన లోపలి నమ్మకమునుబట్టియే మారునని తరగతిలో కూర్చున్న ప్రతి విద్యార్థికిని అనుభవపూర్వకముగా తెలియును.

తెలుగునాట ఇట్టి నమ్మకమును ఆచరణలో పెట్టిన ఉపాధ్యాయునికొరకు దూరము వెదుకనక్కరలేదు. గిడుగు వేంకట రామమూర్తిపంతులు 1863లో జన్మించి, పర్లాకిమిడిలో బడిపంతులుగా జీవితము గడపెను. ఆ ప్రాంతపు కొండలలో నివసించు సవరల బిడ్డలకు చదువు రాదని లోకము తీర్మానించుకొనియుండగా, ఆయన ఆ తీర్మానమును త్రోసిపుచ్చెను. బిడ్డలకు బడిభాష రానప్పుడు బడికి బిడ్డల భాష రావలెనని నిశ్చయించి, ముందుగ తానే సవర భాష నేర్చెను. ఆ భాషలో పుస్తకములు కూర్చెను. స్వంత ధనము వెచ్చించి బడులు పెట్టించెను. ఆయన సవర భాషకు వ్రాసిన వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను అచ్చయినవి. వ్యావహారిక భాషోద్యమ నాయకుడుగా ఆయన కీర్తి జగద్విదితమే. కాని ఆ ఉద్యమమునకును వేరు ఈ విశ్వాసమే: పిల్లవానికి పాఠము అందనప్పుడు పరీక్షింపవలసినది మొదట పాఠమును, తరువాతనే పిల్లవానిని. ఆయన జన్మదినమగు ఆగస్టు 29ని తెలుగు భాషాదినోత్సవముగా జరుపుకొను పాఠశాలలు, ఆయన భాషను స్మరించుటతోపాటు ఆ బడిపంతులు నమ్మకమునుగూడ స్మరించుట యుక్తము.

ఫిల్మ్ నగర్ ప్రాంతపు చరిత్రలోనే మరియొక నిదర్శనము కలదు. అక్కినేని నాగేశ్వరరావు 1924లో కృష్ణా జిల్లా రామాపురమున ఒక రైతు కుటుంబమున జన్మించెను. పేదరికముచేత ఆయన చదువు ప్రాథమిక స్థాయితోనే ఆగిపోయినది. బాల్యముననే నాటకములలో స్త్రీవేషములు వేసి, రంగస్థలమును, తరువాత చిత్రసీమను తన పాఠశాలగా చేసికొనెను. అట్టి వ్యక్తి కుటుంబముచే 2011లో అన్నపూర్ణ స్టూడియో ఆవరణమున చలనచిత్ర విద్యకు ఒక కళాశాల స్థాపింపబడినది. దీనినిబట్టి బడి లేకపోయినను పైకి రావచ్చునని కొందరు వాదింతురు. అది పెడదారి. బడి అందని కోట్లమందిలో ఒకరు పైకి వచ్చుట బడి అక్కరలేదనుటకు సాక్ష్యము కాదు. చదువు విలువ దానిని పోగొట్టుకొన్నవారికి ఎంత లోతుగా తెలియునో అనుటకు మాత్రమే అది సాక్ష్యము. గ్రహింపవలసినది మరియొకటి యున్నది: ఒక బాలుని శక్తి ఎక్కడ దాగియున్నదో వాని మూడవ, నాల్గవ తరగతి పలకను చూచి నిర్ణయించుట ఎవరి తరమును కాదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ రాక మానదు. తప్పునకు అవకాశము మీద అవకాశమిచ్చుచు పోయినచో క్రమశిక్షణ ఏమి కావలెను, ప్రమాణము ఏమి కావలెను అని పెద్దలు అడుగుదురు. అడుగవలసిన మాటయే. దీనికి సమాధానము సైతము స్టూడియోలోనే కలదు. దర్శకుడు మరొక టేకు అడుగుట జాలిచేత కాదు, పట్టుదలచేత. దృశ్యము సరిగ కుదురువరకు ఆయన సరే అనడు. పాఠశాల చేయుచున్నది దీనికి విపరీతము. నూటికి 35 వచ్చిన పిల్లవానిని ఉత్తీర్ణుడనుచున్నది. రాని 65 మాట మరల ఎవరును ఎత్తరు. 34 వచ్చినవానిని తప్పినాడనుచున్నది. వానికి వచ్చిన 34 మాట కూడ ఎవరును ఎత్తరు. ఒక్క మార్కు గీతకు ఇరువైపుల నిలిచిన ఈ బిడ్డలు ఇద్దరికిని జరిగినది ఒకటే: రాని పాఠము రానట్లే మిగిలిపోయినది. ఏది నిజముగా సడలిన ప్రమాణము? రెండవసారి చేయించి సరిచేయుటయా, లేక మొదటిసారియే అంకె వేసి చేతులు దులుపుకొనుటయా? రెండవ అవకాశము కఠినమైన గురువు లక్షణము గాని మెత్తని గురువు లక్షణము కాదు.

చట్టము సైతము ఈ దిక్కుననే చూచుచున్నది. 2009లో పార్లమెంటు ఆమోదించి 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము 17వ సెక్షను పిల్లలకు దేహశిక్షను, మానసిక వేధింపును నిషేధించినది. నలుగురిలో మొద్దు అని పిలుచుట ఆ రెండవ మాటలోనికి రాదని ఎవరనగలరు? అదే చట్టము 29వ సెక్షను, పిల్లవానిని భయమునుండియు ఆందోళననుండియు విముక్తునిగా చేసి, తన అభిప్రాయమును స్వేచ్ఛగా చెప్పుకొనుటకు తోడ్పడవలెనని విధించుచున్నది. 2019లో చేసిన సవరణము అయిదు, ఎనిమిది తరగతులలో పరీక్షలకు చోటిచ్చుచు, తప్పిన బిడ్డకు అదనపు బోధన చేసి రెండు నెలలలో మరల పరీక్ష పెట్టవలెనని చెప్పినది. అంతకుమించి, అదే తరగతిలో నిలిపివేయుటయా మానుటయా అనునది ప్రభుత్వముల నిర్ణయమునకు వదలినది. ఈ నిలిపివేతను గూర్చి విద్వాంసులలో భిన్నాభిప్రాయములు ఉన్నవి. కాని ఒక్కటి నిశ్చయము. నడుమనున్న ఆ రెండు నెలలలో గురువు వీడు నేర్చుకొనగలడని నమ్మి కూర్చుండబెట్టి బోధించినచో అది రెండవ అవకాశము. నమ్మక, రెండవసారి ప్రశ్నాపత్రము మాత్రమే ఇచ్చినచో అది రెండవ అవమానము. చట్టము తేదీని నిర్ణయింపగలదు గాని నమ్మకమును నిర్ణయింపజాలదు.

చిత్రసీమలో పనిచేయు బాలనటుల విషయమున గూడ ఇట్టి వివేకమే శాసనరూపము దాల్చినది. బాలకార్మిక నిషేధ చట్టమునకు 2016లో సవరణము జరిగిన పిదప, 2017లో చేర్చిన నియమములనుబట్టి బాలకళాకారులు దినమునకు 5 గంటలకు మించియు, విశ్రాంతి లేకుండ 3 గంటలకు మించియు పనిచేయరాదు. వరుసగా 27 దినములకు మించి పని పెట్టరాదు. వారి బడిపాఠములు ఆగిపోకుండ ఏర్పాటు చేయవలెను. వారి సంపాదనలో కనీసము 20 శాతము వారి పేరనే బ్యాంకులో దాచవలెను. బిడ్డ ఇష్టమునకు విరుద్ధముగా ఏ కార్యక్రమమునను పాల్గొనజేయరాదు. వెండితెరమీద ముఖము వెలిగినంత మాత్రమున ఆ బిడ్డ బిడ్డ కాకపోడను భావమే ఈ నియమములకు ప్రాణము.

ఇందు ఉపాధ్యాయునకు ఒక పరీక్ష యున్నది. పేరు మ్రోగిన బాలనటుడు తరగతికి వచ్చినచో, వాని తప్పును చూచి నవ్వి ఊరకుండుట సులభము. షూటింగులో దీపములు మోయు కార్మికుని కొడుకు అదే తప్పు చేసినచో కసరుకొనుట సులభము. రెండును అన్యాయములే. మొదటివానికి ఎవరును తప్పు దిద్దలేదు. రెండవవానికి ఎవరును అవకాశమీయలేదు. మేడను, బస్తీని ఒకే కొండ మోయుచున్నట్లు, ఇద్దరు బిడ్డలను ఒకే నమ్మకముతో మోయగలుగుటయే గురుత్వము. ఫిల్మ్ నగరు వంటి చోట ఈ వ్యత్యాసము కంటికి ఎదురుగ కనబడును. తక్కిన ఊళ్లలో అది కులముగా, భాషగా, తండ్రి ఉద్యోగముగా మరుగున నిలిచియుండును. అంతియే భేదము.

నమ్మకము మనస్సులో ఉంచుకొనిన చాలదు. అది దినచర్యలోనికి రావలెను. తప్పు సమాధానము వచ్చినప్పుడు కాదు అనుటకు ముందు, ఎట్లు వచ్చినదో చెప్పుమని అడుగుట ఒక పద్ధతి. ఆ మార్గము విన్నప్పుడే తప్పు ఎక్కడ పుట్టినదో గురువునకు తెలియును. దిద్దిన పుటను మరల వ్రాయించి, రెండవ వ్రాతకు విలువ కట్టుట మరియొక పద్ధతి. ఎఱ్ఱసిరాతో గీతలు నింపిన పుట కంటె, మరల వ్రాసిన పుటయే పిల్లవానికి ఎక్కువ నేర్పును. దినమునకొక్క ప్రశ్నను, తెలివితక్కువదిగ తోచినదానినే ఎన్నుకొని, తరగతియంతటికిని గౌరవముతో వివరించుట మూడవ పద్ధతి. తనకు తెలియని ప్రశ్న వచ్చినచో, రేపు చూచి చెప్పెదనని నిస్సంకోచముగ ఒప్పుకొనుట నాల్గవది. గురువు తానును నేర్చుకొనుచున్నాడని పిల్లలు చూచిననాడు నేర్చుకొనుట చిన్నతనము కాదని వారికి తెలియును. ఇవియేవియు ధనముతో కూడిన పనులు కావు.

అయినను భారమంతయు ఉపాధ్యాయుని భుజములమీదనే మోపుట న్యాయము కాదు. విద్యాహక్కు చట్టము ఆరు మొదలు ఎనిమిదవ తరగతి వరకు 35 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడైన ఉండవలెనని చెప్పుచున్నది. ఉత్తీర్ణతకు కావలసిన అంకెయు, ఒక గురువు చేతికి అప్పగింపదగిన పిల్లల అంకెయు ఒకటే కావుట విచిత్రము. మొదటి 35ను గూర్చి ఇంటింట కలవరమే. రెండవ 35ను గూర్చి అడుగువారు అరుదు. అరువదిమందిని ఒక గదిలో కూర్చుండబెట్టి, పాఠ్యప్రణాళికను తేదీలకు కట్టివేసి, ప్రతి బిడ్డకు మరొక అవకాశమిమ్మని గురువును కోరుట సాధ్యము కాని కోర్కె. మార్కులనుబట్టి పిల్లలను సెక్షనులుగా విడదీసి, క్రింది సెక్షనుకు ముందే ఓటమిని రాసియిచ్చు యాజమాన్యములును, నెలపరీక్ష కాగితము చేతబట్టి ప్రక్కయింటి బిడ్డతో పోల్చు తలిదండ్రులును ఈ తప్పులో భాగస్వాములే. గురువు నమ్మకమును నిలబెట్టుకొనవలెనన్న, ఆ గురువును సంఘము నమ్మవలెను. 1972 నాటి 'బడిపంతులు' వేసిన ప్రశ్నయు, 2024 నాటి చిత్రము వేసిన ప్రశ్నయు ఈ చోట వచ్చి ఒకటగుచున్నవి. గౌరవము దొరకని గురువు బిడ్డలకు గౌరవము పంచిపెట్టజాలడు.

విద్యార్థులకును ఇందు చెప్పవలసిన మాట ఒకటి కలదు. రెండవ అవకాశము హక్కు మాత్రమే కాదు, పని కూడ. టేకు సంఖ్య మారినంత మాత్రమున దృశ్యము కుదరదు. నటుడు మునుపటి తడబాటును తెలిసికొని మరల నిలువవలెను. సందేహమును లోపల దాచుకొని తెలిసినట్లు తలయూపుట గురువును మోసగించుట కాదు, తనను తాను మోసగించుకొనుట. ప్రశ్న అడిగి నవ్వులపాలైనవాడు ఒక్కనాడే సిగ్గుపడును. అడుగనివాడు జీవితమంతయు ఆ ప్రశ్న చుట్టును తప్పించుకొని తిరుగును. సహపాఠి తప్పు చెప్పినప్పుడు నవ్వకుండుట కూడ విద్యలో భాగమే. తరగతి నవ్వునకు భయపడి మూతపడిన నోళ్లు గురువు బెత్తమునకు మూతపడిన నోళ్లకంటె తక్కువ కావు.

సంవత్సరము చివర పాఠశాల ఒక కాగితముమీద పిల్లవాని అంకెలు వేసి పంపును. స్టూడియోలో తప్పిన టేకులు ఎన్నియైనను అవి ప్రేక్షకుని ముందుకు రావు. పిల్లవాని కాగితముమీద మాత్రము తప్పిన టేకులే శాశ్వతముగ నిలిచిపోవును. ఈ న్యాయమును తిరుగవ్రాయుటకు కొత్త చట్టము రానక్కరలేదు. కొత్త పుస్తకమును రానక్కరలేదు. రేపటి ఉదయము బడిగంట మ్రోగినప్పుడు, వెనుక బెంచీలో తలవంచుకొని కూర్చున్న బిడ్డ తప్పు సమాధానము చెప్పినప్పుడు, ఏదీ, మరొకసారి చెప్పుము అని గురువు నోట ఒక్క మాట వెలువడిన చాలును. ఆ మాటలో ఆజ్ఞ కంటె నమ్మకము హెచ్చుగా వినబడవలెను. సున్నను ఒంటరిగా చూచినవారికి అది శూన్యము. దానికి తగిన చోటిచ్చి ప్రక్కన నిలిచినవానికే దాని విలువ తెలియును. ఆ ప్రక్కన నిలుచు అంకె గురువే కావలెను.